ఎగిరే సైకిలుకు ఉక్కా? సత్తా?

సైకిలు తొక్కడం వేరు, సైకిలుతో ఎగరడం వేరు. మొదటిది మన తాతముత్తాతల నాటినుంచీ వస్తున్న విద్య. నెల్లిమర్ల జూటు మిల్లుకు పనికి వెళ్ళే కార్మికుడూ, పల్లెనుంచి విజయనగరం కాలేజీకి వచ్చే విద్యార్థీ, పాలకావిడి బదులు సైకిలుకు క్యాన్లు తగిలించుకున్న పాలవాడూ—అందరిదీ ఆ విద్యే. రెండవది కొత్తది. ఎర్రమట్టి దిబ్బ ఒకటి కొడతారు. దానికి ఎదురుగా పదిహేను ఇరవై అడుగుల దూరాన మరో దిబ్బ కొడతారు. కుర్రవాడు వేగంగా వచ్చి మొదటి దిబ్బ ఎక్కి, అక్కడినుంచి బండితో సహా గాలిలోకి లేచి, రెండవ దిబ్బ వాలుమీద దిగుతాడు. చూసేవారికి గుండె ఝల్లుమంటుంది. ఎగిరేవాడికి మాత్రం లోకమంతా కాళ్ళకింద ఉన్నట్టుంటుంది!

ఈ ఆటను డర్ట్ జంపింగ్ అంటారు. మన భాషలో మట్టిదిబ్బ దూకుడు అనుకోండి. 1970 ప్రాంతాల అమెరికాలో, కాలిఫోర్నియా పిల్లలు మోటారుసైకిలు పందాలను చూసి, తమ చిన్న సైకిళ్ళతోనే ఆ విన్యాసాలు చేయబోవడంతో ఇది మొదలయింది. అప్పుడు పుట్టిన బి.ఎం.ఎక్స్. సైకిలు పందెం 2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి ఒలింపిక్ క్రీడ అయింది. గాలిలో విన్యాసాలు చేసే పోటీ 2021 లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. నేడు సెల్‌ఫోనులో ఆ విన్యాసాలు చూడని పిల్లవాడు ఏ ఊళ్ళోనూ లేడు. చూసినవాడు ఊరుకుంటాడా? ఇంట్లో ఉన్న సైకిలుతో చెరువు గట్టు దిగువకు ఉరుకుతాడు.

అప్పుడు తండ్రికి చిక్కు వస్తుంది. “మా గుంటడు సైకిలు గాల్లోకి లేపేత్తన్నాడండీ. వద్దంటే వినడు. సరే, దానికి తగ్గ బండే కొందామంటే, షాపువాడు ఒకటి ఉక్కుదంటాడు, ఒకటి సత్తుదంటాడు. రెండిటికీ తేడా ఏటి బాబూ?” అని అడుగుతాడు.

అడగవలసిన ప్రశ్నే. ఎందుకంటే ఇక్కడ ఎంచుకొనేది రంగు కాదు, సోకు కాదు. ఎనిమిదడుగుల ఎత్తునుంచి దిగే బిడ్డ పళ్ళూ, మెడా, మోచేతులూ ఆ నాలుగు గొట్టాల మీద ఆధారపడి ఉన్నాయి.

ఆ బండి రూపు

ముందుగా ఒక మాట. మన ఇళ్ళలో ఉండే 28 ఇంచీల పెద్ద చక్రాల నల్ల సైకిలు బియ్యపుమూట మోయడానికి పుట్టింది గాని, దూకడానికి కాదు. దాని ఫోర్కు సన్నం, ఊచలు పొడుగు. దాన్ని దిబ్బమీదనుంచి దూకిస్తే ఏ లోహమైనా ఒకటే ఫలితం.

దూకుడు బండి పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చక్రాలు సాధారణంగా 26 ఇంచీలు. ముందు ఫోర్కులో సుమారు 100 మిల్లీమీటర్లు, అనగా నాలుగంగుళాలు, కుదుపు మింగే స్ప్రింగో గాలిబుడ్డో ఉంటుంది. వెనుక ఏమీ ఉండదు. సీటు బాగా కిందికి ఉంటుంది, ఎందుకంటే దానిమీద కూర్చునే పనే లేదు. గేర్లు ఉండవు, ఒకటే పళ్ళచక్రం. చాలా బండ్లకు బ్రేకు వెనుక చక్రానికి మాత్రమే. చైను తప్ప ఊడిపోవడానికీ, తగులుకోవడానికీ వేరే సామాను లేకుండా చేసిన బండి అన్నమాట. కాబట్టి డబ్బంతా ఎక్కడికి పోతుందీ అంటే ఫ్రేముకూ, ఫోర్కుకూ, చక్రాలకూ. అందులో ఫ్రేము ప్రాణం వంటిది.

ఆ ఫ్రేము రెండు లోహాలలో ఏదో ఒకదానితో వస్తుంది. మొదటిది క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. దీన్ని పనివాళ్ళు క్రోమోలి అంటారు. దాని లెక్కపేరు 4130. రెండవది అల్యూమినియం. మన వంటింటి మాటలో సత్తు. అయితే సత్తు గిన్నె చేసే మెత్తని లోహం కాదిది. మెగ్నీషియమూ సిలికానూ కలిపిన 6061 రకమో, జింకు కలిపిన 7005 రకమో అయి ఉంటుంది.

రెండూ మన ముంగిటి లోహాలే

ఉక్కుకూ, అల్యూమినియానికీ ఉత్తరాంధ్రతో ఉన్న చుట్టరికం తలచుకుంటే సరదాగా ఉంటుంది.

మాంగనీసు లేనిదే నేటి ఉక్కు లేదు. ఉక్కులోని గంధకపు దోషాన్ని అది పట్టి ఉంచుతుంది, గట్టిదనాన్ని ఇస్తుంది. భారతదేశంలో మాంగనీసు ఖనిజం తవ్వడం మొట్టమొదట 1892 లో అప్పటి విశాఖపట్టణం జిల్లాలోనే, నేటి విజయనగరం జిల్లాకు చెందిన కోడూరు గనులలో మొదలయింది. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఇక్కడి వింత రాతికి ఆ ఊరి పేరే పెట్టి కోడురైట్ అన్నాడు. తరువాత 1950 ల దశకంలో గరివిడి దగ్గర ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలసింది. ఇక సైకిలు చరిత్రకు వస్తే, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ కంపెనీ 1935 లో తెచ్చిన 531 అనే గొట్టం ప్రపంచ సైకిలు పందాలను దశాబ్దాలపాటు ఏలింది. అదేమిటంటారు? మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కే!

విశాఖ ఉక్కు సంగతి చెప్పనక్కరలేదు. 1966 లో ఆ కర్మాగారం కోసం ఆంధ్రదేశమంతా లేచింది, ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20 న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1 న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడ తయారయ్యేవి ముఖ్యంగా కడ్డీలూ, తీగచుట్టలూ, దూలాలూ గాని సైకిలు గొట్టాలు కావు. అయినా ఉక్కు అనే మాట ఇక్కడివారికి లోహం పేరు మాత్రమే కాదు.

అల్యూమినియం మాత్రం తక్కువదా? మన కొండలకు ఆవల, కొరాపుట్ జిల్లా పంచపట్‌మాలి కొండమీద నాల్కో వారు బాక్సైటు తవ్వి, దమన్‌జోడిలో తెల్లని పిండిలాంటి అల్యూమినా తీస్తారు. ఎగుమతి సరుకు రైలెక్కి విశాఖ రేవుకు వస్తుంది. దేశంలో లోహంగా మారవలసింది అంగుల్‌కు వెళుతుంది. ఇటు అరకు, అనంతగిరి కొండలలోని బాక్సైటు గురించి దశాబ్దాల తరబడి జరిగిన వాదాలు పత్రికల్లో చదివినవే. అల్యూమినియం అంత ఖరీదు లోహం మరొకటి లేని రోజులున్నాయి. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ ముఖ్య అతిథులకు అల్యూమినియం చెంచాలు పెట్టించాడని ప్రతీతి. 1886 లో విద్యుత్తుతో ఆ లోహాన్ని తీసే పద్ధతి కనిపెట్టాక గాని అది మన వంటింటికి రాలేదు. నేటికీ ఒక్క కిలో అల్యూమినియం తీయడానికి 13 మొదలు 15 యూనిట్ల కరెంటు కావాలి.

బరువు, బిగువు, బలం

ఈ మూడింటినీ కలగాపులగం చేయడంవల్లనే షాపుల్లో సగం వాదాలు పుడతాయి. విడదీసి చూద్దాం.

బరువు తూకం సంగతి. ఒకే కొలత గల ముక్కలు రెండు తీసుకుంటే, నీటితో పోల్చి ఉక్కు 7.85 రెట్లు, అల్యూమినియం 2.7 రెట్లు తూగుతాయి. అనగా సత్తు సుమారు మూడోవంతు బరువే.

బిగువు అంటే వంగకుండా ఎదురు నిలవడం. ఇందులో ఉక్కు అల్యూమినియానికి దాదాపు మూడు రెట్లు. ఒకే కొలత గొట్టాలను ఒకే బరువు వేసి వంచితే అల్యూమినియం మూడు రెట్లు ఎక్కువ వంగుతుంది.

బలం అంటే శాశ్వతంగా వంగిపోయేదాకా ఎంత మోయగలదన్నది. 4130 రకం ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 44 కిలోలు ఓర్చుకుంటుంది. పదును పెట్టిన 6061 అల్యూమినియం సుమారు 28 కిలోలు.

ఈ లెక్కలు చూసి, “అయితే సత్తు బండి మెత్తగా ఊగుతుందన్నమాట” అనుకుంటారు. నిజానికి జరిగేది తలకిందులు! గొట్టం లావు పెరిగితే బిగువు ఘనం చొప్పున పెరుగుతుంది. అందుచేత అల్యూమినియం ఫ్రేముకు గొట్టాలు లావుగా పెడతారు. ఒక ఉదాహరణ: 32 మిల్లీమీటర్ల లావు, 0.9 మిల్లీమీటరు మందం గల ఉక్కు గొట్టం ఒకటి. 45 మిల్లీమీటర్ల లావు, 1.6 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం గొట్టం ఒకటి. లెక్క వేసి చూస్తే రెండవది తూకంలో ఏడోవంతు తక్కువ. బిగువులో మాత్రం ఒకటిన్నర రెట్ల పైచిలుకు! 1970 లలో అమెరికాలో గేరీ క్లైన్ అనే ఇంజనీరూ, 1983 నుంచి కానన్‌డేల్ కంపెనీ వారూ ఈ లావు గొట్టాల కిటుకుతోనే అల్యూమినియం సైకిలును నిలబెట్టారు.

మరి ఉక్కు గొట్టాన్నీ అలాగే లావు చేయవచ్చు గదా? చేయవచ్చును. కాని బరువు పెరగకుండా లావు చేయాలంటే గోడ కాగితంలా పలచబడుతుంది. అటువంటి గొట్టం రాయి తగిలితే డొక్కు డబ్బాలా సొట్టపోతుంది.

ఈ బిగువు తేడా తొక్కేవాడికి తెలుస్తుంది. అల్యూమినియం బండి కాలు అదిమిన మరుక్షణం ముందుకు ఉరుకుతుంది. నేల తాకినప్పుడు కటువుగా ఉంటుంది. ఉక్కు బండి కాస్త సాగి మళ్ళీ నిలుస్తుంది. మన కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లను అడిగితే ఈ గుణం చక్కగా చెబుతారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 130 కిలోలు తలమీదికి ఎత్తినప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఉక్కు కడ్డీయే. భుజాలమీద అది విల్లులా వంగి, మళ్ళీ లేస్తుంది. ఆ లేచే అదను చూసి ఎత్తడమే విద్య. అయితే సైకిలు విషయంలో ఈ సాగుడును మరీ పొగడకూడదు. దిగినప్పటి కుదుపులో అధిక భాగం టైరూ, ఫోర్కూ, కుర్రవాడి మోకాళ్ళూ, మోచేతులూ మింగుతాయి. ఫ్రేము మింగేది కొద్ది.

లోహానికీ అలసట ఉంది

అసలు చిక్కంతా ఇక్కడ ఉంది. ఇనుప తీగ ముక్కను చేత్తో తెంపలేము. దాన్నే అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కుమంటుంది. ఎక్కువ బరువు వేయలేదు. ఒకే బరువును పదేపదే వేశాము. ఇదే లోహపు అలసట.

1842 మే 8 న ఫ్రాన్సులో వెర్సాయినుంచి పారిస్‌కు వస్తున్న రైలుకు ముందు ఇంజను ఇరుసు విరిగి, నిప్పంటుకొని యాభైమందికి పైగా మరణించారు. అటువంటి ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తేల్చడానికి వోలర్ అనే జర్మన్ ఇంజనీరు ఏళ్ళ తరబడి ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించాడు. అతను కనిపెట్టినది ఇది: ఇనుముకూ ఉక్కుకూ ఒక గీత ఉంది. ఆ గీతకు లోబడిన దెబ్బలు లక్షలు తగిలినా అది విరగదు. గీత దాటిన దెబ్బలు మాత్రం లెక్కకు వస్తాయి.

అల్యూమినియానికి అటువంటి గీత లేదు. ఎంత చిన్న దెబ్బయినా దాని ఖాతాలో పద్దు పడుతూనే ఉంటుంది. పద్దు నిండిన నాడు బీట తీస్తుంది. 1954 లో ఇంగ్లీషువారి కామెట్ జెట్ విమానాలు రెండు, జనవరిలో ఒకటీ ఏప్రిల్‌లో ఒకటీ, ఆకాశంలోనే బద్దలై మధ్యధరా సముద్రంలో కూలిపోయాయి. ఎగిరినప్పుడల్లా గాలి నింపడం, దిగినప్పుడల్లా వదలడం—ఈ ఉబ్బడం తగ్గడంతో వాటి అల్యూమినియం రేకు తెరపల మూలల వద్ద అలసిపోయిందని విచారణలో తేలింది.

“అయితే సత్తు సైకిలు కొంటే మీదికి తెచ్చుకోవడమేనా?” అని కంగారు పడవద్దు. మంచి ఇంజనీరుకు ఈ సంగతి తెలుసు. అందుకే అల్యూమినియం ఫ్రేమును అవసరానికి మించి మందంగా చేసి, ఆ ఖాతా నిండడానికి చాలా ఏళ్ళు పట్టేటట్టు చూస్తాడు. ఇక ఉక్కు బండి అమరమనీ అనుకోవద్దు. దూకుడు ఆటలో గీత దాటిన దెబ్బలు తగలకుండా ఉంటాయా? రెండవ దిబ్బ అందక, ముందు చక్రం దాని అంచుకు గుద్దుకున్న ప్రతిసారీ ఉక్కుకూ పద్దు పడుతుంది. తేడా అల్లా ఒకటే. రోజువారీ మామూలు దిగుళ్ళు ఉక్కు లెక్కలో లేవు. అల్యూమినియం లెక్కలో ఉన్నాయి.

విరిగే తీరులోనూ తేడా ఉంది. ఉక్కు సాధారణంగా ముందు వంగుతుంది, గొట్టంమీద రంగు ముడతలు పడుతుంది, కిర్రుమంటుంది; యజమానికి కబురు పంపి మరీ వెళుతుంది. అల్యూమినియంలో బీట చిన్నదిగా మొదలై చాలాకాలం దాగి ఉండి, చివరకు ఒక్కసారిగా తెగడం కద్దు. దిబ్బమీద తెగిన హ్యాండిలు మెడ ఏం చేస్తుందో వర్ణించనక్కరలేదు.

మన పెద్దలకు ఈ అలసట సంగతి తెలియదనుకోకండి. విజయనగరంలో పైడితల్లమ్మవారి సిరిమాను చూడండి. విజయదశమి వెళ్ళిన మంగళవారం నాడు యాభై అరవై అడుగుల చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి, లక్షల జనం మధ్య గుడికీ కోటకూ నడుమ మూడుసార్లు తిప్పుతారు. ఆ మాను ఏటేటా కొత్తది. నిరుటిది చూడటానికి ఎంత గట్టిగా ఉన్నా ఈ ఏడు ఎక్కించరు. ఆచారం ఏ కారణంతో పుట్టినా, మనిషిని కొసన నిలబెట్టే మాను విషయంలో అంతకన్న మంచి ఇంజనీరింగు లేదు.

అతుకు దగ్గరే అసలు కథ

ఫ్రేములు గొట్టం నడుమ విరగడం అరుదు. విరిగేది అతుకు పక్కన. ముఖ్యంగా హ్యాండిలు కింద, తలగొట్టానికి దిగువ గొట్టం కలిసేచోట. దూకుడు దెబ్బంతా అక్కడికే చేరుతుంది.

కమ్మరి కొలిమి చూసినవారికి పదును అంటే తెలుసు. కొడవలి కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుంది. అల్యూమినియం 6061 కూ అటువంటి పదునే బలం. వెల్డింగు చేసినప్పుడు ఆ వేడికి అతుకు చుట్టుపక్కల పదును దిగిపోయి, బలం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకని ఫ్యాక్టరీలో అతుకులన్నీ అయిన తరువాత మొత్తం ఫ్రేమును కొలిమిలో సుమారు 530 డిగ్రీలకు వేడిచేసి, గబుక్కున చల్లార్చి, వంకరలు సరిచేసి, మళ్ళీ 170 డిగ్రీల ప్రాంతాన గంటల తరబడి ఉంచుతారు. 7005 రకానికి ఆ మొదటి పెద్ద కాల్పు అక్కరలేదు. తక్కువ వేడిలో నానబెడితే చాలు.

దీనివల్ల తేలేది ఏమిటి? బీట తీసిన 6061 ఫ్రేమును ఎవరో అల్యూమినియం వెల్డరు చక్కగా అతికించినా, ఆ పెద్ద కొలిమి లేనిదే పదును తిరిగి రాదు. అటువంటి బండి బజారుకు వెళ్ళి రావడానికి పనికి వస్తుందేమో గాని దిబ్బ దూకడానికి మాత్రం పనికిరాదు.

ఉక్కు బండికి మరమ్మతు సాధ్యమే. కాని అందులోనూ మెలకువ ఉంది. క్రోమోలి గొట్టం గోడ మిల్లీమీటరు లోపే. గేట్లూ గ్రిల్లులూ అతికే మామూలు వెల్డింగు కడ్డీతో దాన్ని అంటిస్తే గొట్టానికి చిల్లు పడుతుంది, లేదా అతుకు పక్క లోహం పెళుసెక్కుతుంది. ఆర్గాన్ గ్యాసుతో సన్నని అతుకు వేసే పనివాడో, గ్యాసు మంటతో ఇత్తడి అతుకు వేయడం తెలిసిన పాతకాలపు సైకిలు మేస్త్రీయో కావాలి. విశాఖపట్నం వంటి కర్మాగారాల పట్టణం ఒకటిన్నర గంట దూరంలో ఉండటం మన అదృష్టం.

సముద్రపు గాలి

పూసపాటిరేగ మొదలు బారువ దాకా మనకు సముద్రం ఉంది. ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పడుతుంది. పైన రంగు ఉంది గదా అనుకోవద్దు. తుప్పు గొట్టం లోపలినుంచి వస్తుంది. కనిపించేసరికి గోడ సగం తినేసి ఉంటుంది. వానాకాలానికి ముందు సీటు తీసి, ఆ గొట్టంలోకి చారెడు ఇంజను నూనె పోసి, బండిని అటూ ఇటూ తిప్పి పట్టించాలి. పెడలు ఇరుసు కింద నీళ్ళు కారే చిల్లు ఉంటే దాన్ని మట్టితో పూడిపోనివ్వకూడదు. ఈ రెండు పనులు చేసే ఇంట్లో ఉక్కు బండి తండ్రి తరువాత కొడుక్కు వస్తుంది.

అల్యూమినియం ఎర్ర తుప్పు పట్టదు. గాలి తగలగానే తనమీద తానే ఒక గట్టి పొర కప్పుకుంటుంది. అయితే ఉప్పుతేమలో ఉక్కు బోల్టూ అల్యూమినియమూ తాకి ఉన్నచోట తెల్లని పిండిలాంటిది పుట్టి, రెండూ విడదీయరానంతగా బిగుసుకుపోతాయి. సీటు కమ్మీకీ, బోల్టులకూ ఏడాదికి రెండుసార్లు గ్రీజు రాయడం తప్పదు.

కిరసనాయిలూ, సుద్దముక్కా

ఏ లోహమైనా సరే, నెలకొకసారి పరీక్ష చేయాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. పాత రైల్వే వర్కుషాపుల్లో ఇరుసులకు చేసిన పరీక్షే ఇంట్లో చేయవచ్చును.

ముందుగా తలగొట్టం, దిగువ గొట్టం, పెడలు ఇరుసు, వెనుక చక్రం పట్టుకొనే చెవులు—ఈ నాలుగుచోట్లా గుడ్డతో శుభ్రంగా తుడవండి. పగటి వెలుతురులో చూడండి. రంగులో వెంట్రుకవాసి గీత కనిపిస్తే అక్కడ కిరసనాయిలు రాసి పావుగంట ఉంచండి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, మెత్తని సుద్దపొడి అద్దండి. అది రంగు పగులు మాత్రమే అయితే సుద్ద చాలావరకు తెల్లగానే ఉంటుంది. లోపల బీట ఉంటే అందులో దాగిన కిరసనాయిలు మెల్లగా ఊరి, సుద్దమీద తడిగీత తేలుతుంది. తడిగీత తేలిన బండిని ఆ రోజునుంచి దిబ్బ ఎక్కనివ్వవద్దు. “ఈ ఒక్క ఆదివారం, నాన్నా!” అన్నా సరే. సుద్ద తెల్లగా ఉన్నా అనుమానం తీరకపోతే ఆ చోట రంగు గీకి మళ్ళీ పరీక్షించండి.

ఇంతకూ ఏది కొనాలి?

తూకంలో ఫ్రేముకు ఫ్రేముకు మధ్య తేడా మహా అయితే అరకిలో అటూ ఇటూ. మొత్తం బండి 11 మొదలు 13 కిలోలు ఉండేచోట, నేర్చుకునే పిల్లవాడికి ఆ అరకిలో తెలియదు. గాలిలో బండిని బొంగరంలా తిప్పే పోటీగాడికి మాత్రం తెలుస్తుంది. అటువంటివారు పెద్ద పోటీలలో అల్యూమినియం వాడతారు, నిజమే. వారికి ఫ్రేము ఖాతా నిండకముందే మరొకటి చేతికి వస్తుంది. మన కుటుంబాల్లో ఒకసారి కొన్న బండి అన్న తరువాత తమ్ముడికీ, తమ్ముడి తరువాత మేనమామ కొడుక్కూ చేరుతుంది. ఎన్ని దూకుళ్ళు దూకిందో పద్దు రాసేవారుండరు.

కనుక ఒక్క బండే కొనగలిగి, దాన్ని ఏళ్ళ తరబడి వాడదలచుకున్న ఇంటికి క్రోమోలి ఉక్కు మేలు. వంగినా చెబుతుంది, మరమ్మతుకు లొంగుతుంది, చిన్న దెబ్బలు మరచిపోతుంది. బాగా నేర్చి, పోటీలకు వెళుతూ, మూడు నాలుగేళ్ళకోసారి ఫ్రేము మార్చగల స్తోమత ఉన్నవారికి అల్యూమినియం సరిపోతుంది. పాత బండి, ఎవరి చేతినుంచి వచ్చిందో తెలియనిది, బేరానికి వస్తే ఉక్కుదయితే పరీక్షించి తీసుకోవచ్చు. అల్యూమినియందయితే దాని ఖాతా మనకు కనబడదు గనుక వదిలివేయడమే మంచిది.

షాపులో మోసపోకుండా మరో మాట. ఉక్కు అన్నదల్లా క్రోమోలి కాదు. మామూలు ఉక్కు గొట్టాలకు మందం పెంచి, పైన మెరిసే అట్ట అంటించి అమ్మేవీ ఉన్నాయి. మూడు ప్రధాన గొట్టాలూ క్రోమోలియేనా, ముందు గొట్టం ఒక్కటేనా అని అడగండి. దూకుడుకు పనికివస్తుందని కంపెనీవారే కాగితంమీద రాసి ఇచ్చారో లేదో చూడండి. కొన్ని సైకిళ్ళ పుస్తకాల్లో దూకితే హామీ చెల్లదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అతుకులు ఒకదానిపై ఒకటి పేర్చిన నాణేల వరుసలా ఒకే తీరుగా ఉన్నాయో, గుట్టలుగుట్టలుగా ఉన్నాయో వేలితో తడిమి చూడండి. చెడ్డ అతుకు గల క్రోమోలికన్న మంచి అతుకు గల అల్యూమినియం వెయ్యిరెట్లు నయం.

చివరిగా, బండికి పెట్టే డబ్బులోనుంచి తలకు శిరస్త్రాణం, మోకాళ్ళకూ మోచేతులకూ గట్టి తొడుగులు ముందే తీసి పక్కన పెట్టండి. మొదటి దిబ్బ మోకాలెత్తు మించకూడదు. రెండు దిబ్బల నడుమ మొదట్లో ఖాళీ ఉంచకుండా మట్టితో బల్లపరుపుగా నింపండి. ఎగరడం తప్పినా చక్రం నేలమీదే పోతుంది. దిగే వాలు మెత్తగా, పొడుగ్గా ఉండాలి. ఊరి చెరువు గట్టును తవ్వి దిబ్బలు చేయడం మాత్రం కూడదు. గట్టు తెగితే పోయేది పొలాలు.

వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామశాల నడిపిన కోడి రామమూర్తి నాయుడు గారు ఛాతీమీద ఏనుగును ఎక్కించుకున్నారని మన పెద్దలు చెప్పుకుంటారు. మొదటి రోజునే ఏనుగును పిలవలేదు గదా! సాహసం మన గడ్డకు కొత్త కాదు, సాధన కూడా కొత్త కాదు. మీ గుంటడు ఎగురుతానంటే ఎగరనివ్వండి. అతని కింద ఉన్న లోహం సంగతి తెలుసుకోవడం మాత్రం మీ వంతు. ప్రతి నెలా సుద్దముక్క పట్టుకోవడం అతని వంతు.